కాంక్రీటే సెన్సార్ అయితే వేరే సెన్సార్లు ఎందుకు?

ప్రశ్న: కార్బన్ ఫైబర్లు గానీ కార్బన్ నానోట్యూబులు (అతి సన్నటి కార్బన్ గొట్టాలు) గానీ కలిపితే కాంక్రీటు తనలో వచ్చే స్ట్రెయిన్‌ని (లోడు వల్ల పొడవులో వచ్చే చిన్న మార్పుని), పగుళ్లని తనే పట్టేస్తుందని చదివాను. అలాంటి కాంక్రీటుతోనే బ్రిడ్జి మొత్తం పోస్తే ఇక వేరే సెన్సార్లు అక్కర్లేదు కదా? ప్రాజెక్టు కోసం నానోట్యూబులు కలిపి కొన్ని క్యూబులు పోశాం. రెండు పక్కలా రాగి రేకులు అంటించి మల్టీమీటర్ పెడితే, లోడు వేయకముందే రెసిస్టెన్స్ దానంతట అదే పెరుగుతూ పోతోంది. లోడు వేశాక వచ్చే రీడింగ్ ఒక్కో క్యూబుకి ఒక్కోలా ఉంది. మా మిక్స్‌లో లోపమా?

జవాబు:

మిక్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ మల్టీమీటర్ పక్కన పెట్టండి. మీ కాంక్రీటు ఎంత బాగున్నా ఈ పద్ధతిలో కొలిస్తే ఇలాగే వస్తుంది.

మల్టీమీటర్ రెసిస్టెన్స్‌ని డీసీతో, అంటే ఒకే దిశలో పోయే కరెంటుతో కొలుస్తుంది. గట్టిపడ్డాక కూడా కాంక్రీటులోని సన్నటి రంధ్రాల్లో నీరు మిగిలే ఉంటుంది. ఆ నీటిలో సోడియం, పొటాషియం, హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. డీసీ పెట్టగానే ప్లస్ అయాన్లు ఒకవైపు, మైనస్ అయాన్లు మరోవైపు నడిచి ఎలక్ట్రోడ్ల దగ్గర పేరుకుంటాయి. అలా పేరుకున్న ఛార్జి మీరిచ్చిన ఓల్టేజీకి ఎదురు ఓల్టేజీని పుట్టిస్తుంది. దాంతో కరెంటు తగ్గుతుంది. మీటరుకి ఈ గొడవంతా తెలియదు కాబట్టి రెసిస్టెన్స్ పెరిగిందని చూపిస్తుంది. దీన్నే పోలరైజేషన్ అంటారు. మొదటి కొన్ని నిమిషాలు గబగబా పెరిగి తర్వాత నెమ్మదిస్తే అది కచ్చితంగా ఇదే. మీటర్ తీసేసి కాసేపాగి మళ్లీ పెడితే రీడింగ్ కిందికి దిగి, మళ్లీ మొదట్నుంచి ఎక్కడం మొదలుపెడుతుంది. ఒకసారి చేసి చూడండి, నమ్మకం కుదురుతుంది.

దీనికి విరుగుడు ఏసీతో, అంటే దిశ మారుతూ ఉండే కరెంటుతో కొలవడం. ఎల్‌సీఆర్ మీటర్ (ఏసీతో రెసిస్టెన్స్ వగైరా కొలిచే పరికరం) ఉంటే 1 కిలోహెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఫేజ్ యాంగిల్ (ఓల్టేజీ అలకీ కరెంటు అలకీ మధ్య తేడా) చూడండి. ఆ యాంగిల్ సున్నాకి దగ్గరగా వచ్చే చోట మీరు కొలిచేది దాదాపుగా అసలైన రెసిస్టెన్సే. ఇంకో దారి కూడా ఉంది. అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీ, ఇటలీలోని పెరూజియా యూనివర్సిటీ పరిశోధకులు కలిసి, ప్లస్ మైనస్ మారుతూ ఉండే చదరపు అలని ఇచ్చి, ప్రతి సగంలోనూ ఒకే నిర్ణీత క్షణంలో రీడింగ్ తీసుకునే పద్ధతిని వాడారు. ఒక సగంలో పేరుకున్న ఛార్జిని తర్వాతి సగం చెరిపేస్తుంది. మామూలు డేటా లాగర్‌తో (రీడింగులు నమోదు చేసే పరికరంతో) చాలా ఛానళ్లు ఒకేసారి కొలవాలంటే ఇది ఎల్‌సీఆర్ మీటర్ కంటే సుఖం.

రెండో విషయం ఆ రాగి రేకులు. ఎలక్ట్రోడ్లు రెండే ఉంటే, మీరు కొలిచే రెసిస్టెన్స్‌లో కాంక్రీటుదే కాక రేకుకీ కాంక్రీటుకీ మధ్య ఉన్న కాంటాక్ట్ రెసిస్టెన్స్ కూడా కలుస్తుంది. చాలాసార్లు కాంక్రీటు వాటా కంటే ఈ కాంటాక్ట్ వాటాయే పెద్దది. అసలు ప్రమాదం అక్కడ లేదు. లోడు వేసినప్పుడు ఆ కాంటాక్ట్ కూడా మారుతుంది. రేకు కాస్త గట్టిగా నొక్కుకుంటే రెసిస్టెన్స్ తగ్గుతుంది, కాంక్రీటు స్ట్రెయిన్‌ని చూపిస్తోందని మనం మురిసిపోతాం. గేజ్ ఫ్యాక్టర్ (రెసిస్టెన్స్ మార్పు శాతం స్ట్రెయిన్ శాతానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) వందల్లో, వేలల్లో వచ్చిందని రాసే పేపర్లు చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఎలక్ట్రోడ్లు రెండా నాలుగా అని. రెండే అయితే ఆ అంకెని సగం నమ్మకంతోనే చదువుతాను.

నాలుగు ఎలక్ట్రోడ్ల పద్ధతిలో బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య ఓల్టేజీ కొలుస్తారు. ఓల్టేజీ కొలిచే పరికరం కరెంటుని దాదాపు లాగదు, అందుకని లోపలి కాంటాక్టుల రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు. రేకులు అంటించడం మానేసి, పోసేటప్పుడే స్టెయిన్‌లెస్ స్టీలు జాలీ ముక్కల్ని లోపల నిలబెట్టండి. మోర్టార్ (సిమెంటు, ఇసుక, నీళ్ల ముద్ద) ఆ జాలీ కన్నాల్లోంచి రెండు వైపులా కలిసిపోతుంది, పట్టు బాగుంటుంది. అంటించిన రాగి రేకు తడిలో ఎక్కువ కాలం నమ్మదగింది కాదు. కొద్ది వారాల పరీక్షకైతే పర్వాలేదు, ఏళ్ల తరబడి పెట్టే పనికి వద్దు.

ఇంకో చిన్న విషయం, చాలామంది వదిలేసేది. కంప్రెషన్ మెషిన్ ప్లేట్లు ఉక్కువి. క్యూబుని నేరుగా వాటి మధ్య పెడితే కరెంటు కొంత ఆ మెషిన్ గుండా తిరిగి ఎర్త్‌లోకి పోతుంది. పైనా కిందా పలుచని ఇన్సులేటింగ్ షీటు పెట్టాలి.

ఇక క్యూబుకో రకంగా రీడింగ్ రావడం. అది మీ మిక్స్ సమస్యే అయ్యుంటుంది. దాని గురించి చెప్పాలంటే ఈ కాంక్రీటు ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి.

ఈ ఆలోచనకి మొదలు 1993లో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో పు-వోయ్ చెన్, డెబోరా చంగ్ ప్రచురించిన పని. పొట్టి కార్బన్ ఫైబర్లు కలిపిన కాంక్రీటు రెసిస్టెన్స్ లోడుతో పాటు మారుతుందనీ, లోడు తీసేస్తే వెనక్కి వస్తుందనీ, లోపల దెబ్బ తగిలితే మాత్రం శాశ్వతంగా పెరిగిపోతుందనీ వాళ్లు చూపించారు. మామూలు సిమెంటు ముద్దలో కరెంటు ఆ రంధ్రాల నీటి ద్వారానే పోతుంది. కార్బన్ కలిపితే ఎలక్ట్రాన్లకి వేరే దారి దొరుకుతుంది. వాగులో అక్కడక్కడ రాళ్లు వేసుకుంటూ పోతే, ఒక సంఖ్య దాటేవరకూ అవతలి గట్టుకి చేరలేం. ఆ సంఖ్య దాటగానే ఒక్కసారిగా దారి ఏర్పడుతుంది. ఫైబర్లతోనూ అంతే. ఒక మోతాదు దగ్గర రెసిస్టివిటీ (ముక్క కొలతలతో సంబంధం లేకుండా పదార్థానికి ఉండే రెసిస్టెన్స్) పదులు, వందల రెట్లు పడిపోతుంది. దాన్ని పెర్కొలేషన్ థ్రెషోల్డ్ అంటారు. పొట్టి కార్బన్ ఫైబర్లకి ఇది సాధారణంగా ఘనపరిమాణంలో 0.5 నుంచి 1 శాతం ప్రాంతంలో వస్తుంది. ఫైబరు పొడవు, మిక్స్, ఎంత బాగా కలిసింది అన్నదాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. నానోట్యూబులు చాలా సన్నం, పొడవు వెడల్పుల నిష్పత్తి ఎక్కువ, కాబట్టి సిమెంటు బరువులో అర శాతం, అంతకంటే తక్కువతో కూడా సరిపోవచ్చు. కార్బన్ బ్లాక్ గుండ్రని రేణువులు కాబట్టి ఇంకా ఎక్కువ పడుతుంది.

స్ట్రెయిన్‌కి స్పందన ఎక్కువగా ఉండేది ఈ థ్రెషోల్డ్ దగ్గరే. అక్కడ ఫైబర్లు కొన్ని తాకీ తాకనట్టు, కొన్ని అతి చిన్న ఖాళీతో ఉంటాయి. ఆ ఖాళీ నానోమీటర్లలో ఉంటే ఎలక్ట్రాన్లు దాన్ని టన్నెలింగ్ ద్వారా, అంటే ఫైబర్లు తగలకపోయినా దూకి దాటుతాయి. ఖాళీ రవ్వంత మారినా దాటే ఎలక్ట్రాన్ల సంఖ్య బాగా మారుతుంది. కాంక్రీటుని నొక్కితే ఖాళీలు తగ్గి రెసిస్టెన్స్ పడుతుంది. లాగితే ఫైబరు సిమెంటు పట్టులోంచి కొంచెం జారి రెసిస్టెన్స్ పెరుగుతుంది. పగులు వస్తే దారులే తెగిపోతాయి. కార్బన్ మరీ ఎక్కువ వేస్తే అన్నీ ఒకదానికొకటి తగులుతూనే ఉంటాయి, స్ట్రెయిన్ వచ్చినా పెద్దగా తేడా కనిపించదు. అందుకే ఎక్కువ వేస్తే మంచిదనే లెక్క ఇక్కడ పనిచేయదు.

కానీ ఆ థ్రెషోల్డ్ దగ్గర ఇంకో చిక్కుంది. మోతాదులో చిన్న తేడాకి రెసిస్టివిటీ నిటారుగా మారే చోటు అదే. ఒక క్యూబులో ఒక మూల కాస్త ఎక్కువ, ఇంకో మూల కాస్త తక్కువ కలిసినా ఫలితం మారిపోతుంది. నానోట్యూబులు వాన్ డర్ వాల్స్ బలాలతో ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. మిక్సర్‌లో పొడిగా వేసి తిప్పితే ఆ ఉండలు అలాగే మిగిలిపోతాయి, బయటికి కాంక్రీటు నల్లగా సమంగానే కనిపిస్తుంది. మీరు అల్ట్రాసోనికేషన్ (అల్ట్రాసౌండ్ కంపనాలతో ఉండలు విడగొట్టడం) చేశారో లేదో రాయలేదు. చేయకపోతే క్యూబుల మధ్య తేడాకి ఇంకో కారణం వెతకక్కర్లేదు. నీటిలో పాలీకార్బాక్సిలేట్ సూపర్‌ప్లాస్టిసైజర్ (తక్కువ నీటితో కాంక్రీటుని జారుగా చేసేది) కలిపి, అందులో నానోట్యూబులు వేసి, ప్రోబ్ సోనికేటర్ పెట్టి, వేడెక్కకుండా గిన్నెని ఐసులో ఉంచి కలపాలి. వేరే సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) వాడితే గాలి బుడగలు పుడతాయి, బలం పడిపోతుంది, డీఫోమర్ (నురగ తగ్గించేది) కూడా వేయాల్సి వస్తుంది. మరీ ఎక్కువసేపు సోనికేషన్ చేస్తే ట్యూబులు విరిగి పొట్టివవుతాయి, థ్రెషోల్డ్ పైకి జరుగుతుంది.

మీకు ఇంకా టైముంటే నా సలహా నానోట్యూబులు వదిలేసి 6 మిల్లీమీటర్ల పొట్టి కార్బన్ ఫైబర్లకి మారమని. ఫైబర్లు కంటికి కనిపిస్తాయి, ఉండలు కట్టాయో లేదో చేత్తో తెలుస్తుంది. చంగ్ బృందం వాడిన వంటకం ఇప్పటికీ బాగానే పనిచేస్తుంది: సిమెంటు బరువులో 0.4 శాతం మిథైల్‌సెల్యులోజ్, దానికి తగ్గ డీఫోమర్, 15 శాతం సిలికా ఫ్యూమ్. సిలికా ఫ్యూమ్ రేణువులు చాలా చిన్నవి, కలిపేటప్పుడు ఫైబర్ల మధ్య దూరి వాటిని విడదీస్తాయి. పైగా నానోట్యూబుల ధూళి పీల్చడం మంచిది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2014లో వాటిలో ఒక రకాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. పొడి దశలో తప్పనిసరిగా మంచి మాస్కు, ఫ్యూమ్ హుడ్ ఉండాలి. గుడ్డ మాస్కు చాలదు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వద్దాం. ఈ కాంక్రీటు స్పందించదేమో అన్న భయం ఎవరికీ అక్కర్లేదు. స్పందిస్తుంది. సమస్యల్లా అది అన్నిటికీ స్పందించడమే.

ఒక లెక్క వేసి చూద్దాం. మామూలు ఫాయిల్ స్ట్రెయిన్ గేజ్ (పైన అంటించే సన్నటి లోహపు రేకు సెన్సార్) గేజ్ ఫ్యాక్టర్ సుమారు 2. అంటే 100 మైక్రోస్ట్రెయిన్‌కి (పొడవులో పది లక్షల్లో 100 వంతుల మార్పుకి) దాని రెసిస్టెన్స్ 0.02 శాతం మారుతుంది. మన కాంక్రీటు గేజ్ ఫ్యాక్టర్ 100 అనుకుందాం, అది ల్యాబులో సాధ్యమయ్యే సంఖ్యే. అదే స్ట్రెయిన్‌కి 1 శాతం మార్పు వస్తుంది. 50 రెట్లు మెరుగు. పేపర్ల సారాంశాలన్నీ ఇక్కడ ఆగిపోతాయి.

ఇప్పుడు టెంపరేచర్ చూడండి. తడి కాంక్రీటు రెసిస్టివిటీ ఒక్క డిగ్రీ సెల్సియస్‌కి సుమారు 3 శాతం మారుతుంది, ఆరిన కాంక్రీటులో 5 శాతం దాకా. టెంపరేచర్ పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది. కార్బన్ నెట్‌వర్క్ బాగా ఏర్పడితే కరెంటు ఎక్కువ భాగం ఎలక్ట్రాన్ల దారిలో పోతుంది కాబట్టి ఈ ప్రభావం తగ్గుతుంది, కానీ పోదు. కార్బన్ సాయం లేదనుకుని చూస్తే 1 డిగ్రీ మార్పు 300 మైక్రోస్ట్రెయిన్‌లా కనిపిస్తుంది. కాంక్రీటు లాగుడులో 100 నుంచి 150 మైక్రోస్ట్రెయిన్ దగ్గరే పగులుతుంది. బ్రిడ్జి మీద ఒక లారీ వెళ్తే వచ్చేది చాలాచోట్ల పదుల మైక్రోస్ట్రెయిన్లే. టెంపరేచర్ ప్రభావం ఇందులో పదో వంతుకి తగ్గిందనుకున్నా, పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఉండే 10 డిగ్రీల తేడా 300 మైక్రోస్ట్రెయిన్ దొంగ సిగ్నల్ ఇస్తుంది. ఫాయిల్ గేజ్ సిగ్నల్ చిన్నదే కానీ శుభ్రమైనది. టెంపరేచర్‌కి తట్టుకునే మిశ్రలోహంతో చేస్తారు, వీట్‌స్టోన్ బ్రిడ్జి అనే సర్క్యూట్‌లో లోడు తగలని డమ్మీ గేజ్ పెట్టి మిగిలినదీ కొట్టేస్తారు.

తేమ ఇంకా పెద్ద తలనొప్పి. తడి కాంక్రీటు రెసిస్టివిటీ 10 నుంచి 100 ఓమ్ మీటర్ల ప్రాంతంలో ఉంటే, ఓవెన్‌లో పూర్తిగా ఆర్చిన కాంక్రీటుది 100 కోట్ల ఓమ్ మీటర్ల స్థాయికి పోతుంది. ఇది శాతాల్లో చెప్పే తేడా కాదు. ఒక వాన పడి, రెండు రోజులు ఎండ కాస్తే రీడింగ్ ఎక్కడికి పోతుందో ఊహించండి. పైగా కొత్త కాంక్రీటులో సిమెంటు హైడ్రేషన్ నెలల తరబడి సాగుతుంది, రంధ్రాలు మూసుకుపోతుంటాయి, లోడు లేకపోయినా రెసిస్టెన్స్ నెమ్మదిగా పైకి పోతుంది. మీ క్యూబుల రీడింగ్ రోజుల తరబడి పెరుగుతుంటే పోలరైజేషన్‌తో పాటు ఇదీ కారణమే.

అందుకే ఈ సెన్సార్‌ని దేనికి వాడాలన్నది కాలం మీద ఆధారపడుతుంది. లారీ ఒక సెకనులో వెళ్లిపోతుంది. టెంపరేచర్ గంటల్లో, తేమ రోజుల్లో మారుతుంది. సిగ్నల్‌లోంచి నెమ్మదిగా మారే భాగాన్ని ఫిల్టర్ చేసి తీసేస్తే లారీ మిగులుతుంది. కాబట్టి వాహనాలు లెక్కపెట్టడం, కంపనం కొలవడం, తాకిడి పట్టడం లాంటి వేగంగా జరిగే వాటికి ఇది బాగా పనికొస్తుంది. బావోగువో హాన్, షున్ యు బృందం 2009లో నానోట్యూబులు కలిపిన సిమెంటు సెన్సార్లతో ట్రాఫిక్‌ని పట్టవచ్చని చూపించింది. తర్వాత అమెరికాలో మిన్నెసోటాలోని మన్‌రోడ్ అనే రోడ్డు పరీక్షా కేంద్రంలో నిజమైన వాహనాల కింద కూడా ఆ పని చేశారు. ఈ రంగంలో ల్యాబు గోడలు దాటి వచ్చిన కొద్దిపాటి పనుల్లో అదొకటి, ఎందుకు నిలిచిందంటే సరైన ప్రశ్న ఎంచుకుంది కాబట్టి.

ఏళ్ల తరబడి మెల్లగా జరిగేవాటిని, అంటే క్రీప్ (నిలకడ లోడు కింద మెల్లగా రూపం మారడం), ష్రింకేజ్ (ఆరుతూ కుంచించుకుపోవడం), ప్రీస్ట్రెస్ (ముందే బిగించిన కేబుళ్ల బిగువు) తగ్గడం లాంటివాటిని దీంతో కొలవమంటే నేను ఒప్పుకోను. ఆ పనికి వైబ్రేటింగ్ వైర్ గేజ్ ఉంది. లోపల బిగించిన తీగ ఏ ఫ్రీక్వెన్సీలో మోగుతుందో చూసి స్ట్రెయిన్ చెబుతుంది, కేబుల్ రెసిస్టెన్స్ మారినా ఫ్రీక్వెన్సీ మారదు. దశాబ్దాలుగా డ్యాముల్లో, సొరంగాల్లో నిలబడింది. కాస్త ఖరీదైనా పర్వాలేదంటే ఫైబర్ బ్రాగ్ గ్రేటింగులు (కాంతితో స్ట్రెయిన్ కొలిచే గాజు ఫైబర్ సెన్సార్లు) ఉన్నాయి. వాటికి విద్యుత్ అడ్డంకులు అంటవు, ఒకే ఫైబరు మీద చాలా గేజులు పెట్టొచ్చు. టెంపరేచర్ వాటినీ కదిలిస్తుంది, కానీ పక్కనే స్ట్రెయిన్ తగలని ఇంకో గ్రేటింగ్ పెట్టి తీసేయొచ్చు. కాంక్రీటులో తేమతో వాటికి పనిలేదు.

దెబ్బ పట్టడం మాత్రం వేరే కథ. పగులు వచ్చినప్పుడు రెసిస్టెన్స్ ఒక్కసారిగా ఎగురుతుంది, లోడు తీసినా వెనక్కి రాదు. టెంపరేచర్ వల్ల వచ్చే మార్పు పోయి వస్తుంటుంది, ఇది అలా పోదు. పైగా ఫాయిల్ గేజ్‌ది కొన్ని మిల్లీమీటర్ల జాగా. పగులు దాని పక్కనుంచి పోతే దానికి తెలియదు. కార్బన్ కాంక్రీటు పరిచినంత మేరా తెలుసుకుంటుంది. ఈ దారిలో నాకు బాగా నచ్చిన పని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ, ఫిన్లాండ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఈస్టర్న్ ఫిన్లాండ్ కలిసి చేసింది. వాళ్లు కాంక్రీటులో ఏమీ కలపలేదు. పైన కరెంటు ప్రవహించే పెయింటు పూసి, అంచుల వెంబడి ఎలక్ట్రోడ్లు పెట్టి, ఎలక్ట్రికల్ ఇంపెడెన్స్ టొమోగ్రఫీతో (అంచుల దగ్గరి కొలతల నుంచి లోపలి చిత్రం గీసే పద్ధతితో) పగులు ఎక్కడుందో చిత్రంగా తీశారు. పాత నిర్మాణాలకి ఇలాంటి పూత పద్ధతే కుదురుతుంది, ఉన్న స్లాబ్‌లో ఇప్పుడు ఫైబర్లు కలపలేం కదా. పెరూజియా వాళ్లు ఇదే ఆలోచనని ఇటుకలకి తీసుకెళ్లారు. మట్టిలో స్టీలు మైక్రోఫైబర్లు కలిపి కాల్చిన ఇటుకల్ని గోడలో అక్కడక్కడ పెట్టి, భూకంపం తర్వాత బరువు ఏ భాగం నుంచి ఏ భాగానికి మారిందో చూడాలని వాళ్ల ఉద్దేశం.

బ్రిడ్జి మొత్తం ఇదే కాంక్రీటుతో పోయడం గురించి. మూడు అడ్డంకులు కనిపిస్తాయి, మొదటిదే చాలు ఆపేయడానికి. బ్రిడ్జి కాంక్రీటు నిండా స్టీలు రాడ్లు ఉంటాయి. కార్బన్ కలిపిన కాంక్రీటు కంటే స్టీలు లక్షల నుంచి కోట్ల రెట్లు మంచి వాహకం. రాడ్ల జాలీ మధ్యలో ఉన్నప్పుడు కరెంటు దొరికిన మొదటి రాడ్‌లోకి దూకి అటునుంచి అటే పోతుంది. మీరు కొలిచేది రాడ్ దాకా ఉన్న కొద్దిపాటి కాంక్రీటునే. రెండోది పరిమాణం. ఘనపరిమాణంలో 0.5 శాతం అంటే ఘనమీటరుకి 5 లీటర్ల ఫైబరు. సాంద్రత 1.8 చొప్పున సుమారు 9 కిలోలు. వెయ్యి ఘనమీటర్ల డెక్‌కి (వాహనాలు నడిచే స్లాబ్‌కి) 9 టన్నుల కార్బన్ ఫైబరు. నానోట్యూబులైతే ఘనమీటరులో 400 కిలోల సిమెంటుకి 0.5 శాతం చొప్పున 2 కిలోలు, డెక్‌కి 2 టన్నులు. దాన్నంతా సోనికేటర్‌తో కలపడం ఏ బ్యాచింగ్ ప్లాంటు వల్లా కాదు. ఫైబర్లు వేశాక స్లంప్ (తడి కాంక్రీటు జారుడుతనం) పడిపోతుంది, పంపు చేయడం కష్టం, అది వేరే తగాదా. మూడోది, స్టీలు కంటే కార్బన్ నోబుల్ పదార్థం, అంటే తేలిగ్గా తుప్పు పట్టనిది. ఉప్పు చేరే చోట రెండూ తగులుతూ ఉంటే గాల్వానిక్ కరోజన్ (కార్బన్ తగలడం వల్ల స్టీలు త్వరగా తుప్పు పట్టడం) ప్రశ్న వస్తుంది. ఆరోగ్యం చూడటానికి పెట్టినదే జబ్బు తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది.

కాబట్టి ఆచరణలో చేసేది, ఇదే పదార్థంతో చిన్న దిమ్మెలు ముందే పోసి, ల్యాబులో ఒక్కొక్కటీ కాలిబ్రేట్ చేసి, ఎపాక్సీ పూసి తేమ చొరకుండా మూసి, కావలసిన చోట రాడ్లకి తగలకుండా కట్టి, చుట్టూ మామూలు కాంక్రీటు పోయడం. చైనాలో హార్బిన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో జిన్‌పింగ్ ఊ బృందం ఈ దారిలో చాలా పని చేసింది. ఈ దిమ్మెకి ఒక నిజమైన లాభం ఉంది. దాని గట్టిదనం, వ్యాకోచం చుట్టూ ఉన్న కాంక్రీటుకి దగ్గరగా ఉంటాయి కాబట్టి స్ట్రెయిన్ దానిలోకి సహజంగా చేరుతుంది, జిగురు ఊడిపోయే గొడవ లేదు. పదార్థం ఆయుష్షు కాంక్రీటు ఆయుష్షంత అని కూడా అంటారు. నిజమే, కానీ ముందు పోయేది పదార్థం కాదు. కేబుల్ తెగుతుంది, ఎలక్ట్రోడ్ దగ్గర అతుకు తుప్పు పడుతుంది, లాగర్ బాక్సులో నీళ్లు చేరతాయి. ఏ రకం సెన్సార్‌తో పని చేసినా నేను చూసిన వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఈ మూడే.

వేరే సెన్సార్లు అక్కర్లేదా అన్నదానికి ఒక్క మాట. 2007 ఆగస్టు 1న అమెరికాలోని మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ బ్రిడ్జి కూలి 13 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలింది, స్టీలు ట్రస్‌లో కొన్ని గసెట్ ప్లేట్లు (కడ్డీల్ని కలిపే ఉక్కు పలకలు) ఉండాల్సిన మందంలో దాదాపు సగమే ఉన్నాయని. డెక్ అంతా సెన్సింగ్ కాంక్రీటుతో పోసి ఉన్నా ఆ ప్లేట్ల సంగతి దానికి తెలిసేది కాదు. 2018 ఆగస్టు 14న ఇటలీలోని జెనోవాలో మోరాందీ బ్రిడ్జి కూలి 43 మంది పోయారు. అక్కడ కేబుళ్లు కాంక్రీటు తొడుగు లోపల ఉండేవి, బయటి నుంచి చూసే వీలు తక్కువ. మినియాపొలిస్‌లో ఏడాదికే కట్టిన కొత్త బ్రిడ్జిలో 300 పైగా సెన్సార్లు పెట్టారు: స్ట్రెయిన్‌కి ఒకటి, కంపనానికి ఒకటి, తుప్పుకి ఒకటి ఇలా రకరకాలు. ఏది ఎక్కడ ఎలా విఫలమయ్యే అవకాశం ఉందో డిజైన్ ఇంజినీర్ ముందు చెప్పాలి, దాన్ని బట్టి సెన్సార్ ఎంచుకోవాలి. సెన్సార్ దొరికింది కదా అని బ్రిడ్జి వెతుక్కుంటే డేటా కుప్పలుగా వస్తుంది, ఎవరికీ పనికిరాదు.

మీ ప్రాజెక్టు విషయానికి వస్తే, బ్రిడ్జి ఊసు వదిలేసి చిన్న ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకి, తేమ మారినప్పుడు గేజ్ ఫ్యాక్టర్ ఎంత మారుతుంది అని. దీనికి జవాబు పనికొస్తుంది, చేయడం కూడా మీ చేతిలో పని. 40×40×160 మిల్లీమీటర్ల మోర్టార్ ప్రిజాలు పోయండి, ఒక్కోదానిలో నాలుగు స్టెయిన్‌లెస్ జాలీలు. ఫైబరు 0, 0.25, 0.5, 0.75, 1 శాతం, ఒక్కో మోతాదుకి తడికి మూడు, పొడికి మూడు, కనీసం ఆరు నమూనాలు. సున్నా శాతం నమూనా తప్పక ఉండాలి, ఎందుకంటే ఏమీ కలపని తడి మోర్టార్ కూడా లోడుకి కొంత స్పందిస్తుంది, మీ ఫైబరు ఘనత ఎంతో దాన్ని తీసేశాకే తెలుస్తుంది. 28 రోజుల క్యూరింగ్ తర్వాత సగం నమూనాల్ని బరువు స్థిరపడేవరకూ మెల్లగా ఆర్చండి. మరీ వేడి ఓవెన్ వద్దు, మైక్రోక్రాక్స్ వస్తాయి. మిగతా సగాన్ని తడిగానే మూసేయండి.

లోడు బలంలో 30 శాతం దాటకుండా పైకీ కిందికీ పదేపదే వేయండి. అంతకంటే పైకి పోతే లోపల మైక్రోక్రాక్స్ కదలడం మొదలవుతుంది, సెన్సింగ్ పరీక్షా డ్యామేజీ పరీక్షా కలిసిపోతాయి. డ్యామేజీ కావాలంటే చివర్లో విరిగేదాకా విడిగా చేయండి. రెండు ఎదురు ముఖాల మీద ఫాయిల్ గేజులు పెట్టి సగటు తీసుకోండి, లోడు కొంచెం పక్కకి పడినా తెలుస్తుంది. పక్కనే లోడు లేని జత నమూనా ఒకటి, దానికీ నాలుగు ఎలక్ట్రోడ్లూ ఒక థర్మోకపుల్, అదే లాగర్‌లో. రెండింటి నిష్పత్తి తీసుకుంటే గదిలో ఏసీ ఆన్ ఆఫ్ అయిన ప్రభావం చాలావరకు పోతుంది. రిపోర్టులో ఆ లోడు లేని నమూనా గ్రాఫ్ తప్పకుండా పెట్టండి. వైవాలో ఎవరైనా తెలిసినవాళ్లుంటే మొదట అడిగేది అదే.

గేజ్ ఫ్యాక్టర్ ఒక్క అంకె రాసి వదిలేయకండి. మూడు నమూనాల మధ్య తేడా ఎంత, మొదటి సైకిల్‌కీ చివరి సైకిల్‌కీ తేడా ఎంత, లోడు తీశాక సున్నాకి ఎంత దగ్గరగా వచ్చింది రాయండి. గేజ్ ఫ్యాక్టర్ 30 వచ్చి ప్రతిసారీ 30 వస్తే, ఒకసారి 300, మరోసారి 90 వచ్చిన దానికంటే అది మంచి సెన్సార్.

ఎల్‌సీఆర్ మీటర్ దొరక్కపోతే టెన్షన్ పడకండి. ఫంక్షన్ జనరేటర్ నుంచి 1 ఓల్టు, 1 కిలోహెర్ట్జ్ సైన్ అల తీసుకుని, విలువ కచ్చితంగా తెలిసిన ఒక రెసిస్టర్‌ని నమూనా బయటి ఎలక్ట్రోడ్లతో సిరీస్‌లో కలపండి. రెసిస్టర్ మీద ఓల్టేజీ కొలిస్తే కరెంటు తెలుస్తుంది, లోపలి ఎలక్ట్రోడ్ల మధ్య ఓల్టేజీని దాంతో భాగిస్తే నమూనా రెసిస్టెన్స్ వస్తుంది. రెండు ఓల్టేజీలనీ ఒకేసారి చదివే రెండు ఛానళ్ల లాగర్ ఉంటే చాలు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రెండు ఛానళ్ల గ్రౌండ్ ఒకటే అయితే నమూనాలో కొంత భాగం షార్ట్ అవుతుంది, కాబట్టి డిఫరెన్షియల్ ఇన్‌పుట్ ఉన్నదే తీసుకోండి. ఎలక్ట్రోడ్ల మధ్య దూరం, ముక్క కొలతలు, కొలిచిన ఫ్రీక్వెన్సీ రాసి మళ్లీ అడిగితే మీ రీడింగుల్ని చూసి చెబుతాను.